పదహారో బోల్టు

అమ్మాయికి మామయ్య దీవించి రాస్తున్నది. ఇక్కడ నలుగురం బాగానే ఉన్నాం. నా మోకాలొక్కటే బాగోలేదు, అది నీకు కొత్త సంగతి కాదు. నువ్వు బాగున్నావని, కాస్త ఒళ్లు తగ్గావని, అద్దం ఇవతల నుంచి నిన్ను చూసొచ్చిన నీ మొగుడు చెప్పాడు. అద్దానికి నువ్వు చెయ్యి ఆనించావట, వాడూ ఆనించాడట. ఆ మాట చెప్పి వంటింట్లోకి వెళ్లి చాలాసేపు గిన్నెలు తోమాడు. పొద్దున నేను తోమి బోర్లించిన గిన్నెలే అవి.

ఫోన్ చెయ్యకుండా ఈ ముసలాయన ఉత్తరం రాశాడేమిటని అనుకుంటావు. ఫోన్లో నీ గొంతు వింటే నేను చెప్పదలచింది చెప్పను. తిన్నావా, పడుకున్నావా అని రెండు ముక్కలు అడిగి పెట్టేస్తాను. నా సంగతి నాకు తెలుసు. నీ మొగుడు తను రాసిపెడతానన్నాడు. వద్దన్నాను. నా చదువు డ్రమ్ముల మీద రంగుతో వేసే అక్షరాల దగ్గర మొదలై అక్కడే ఆగింది. మొదట నేర్చుకున్న మాట 'ప్రమాదం'. నా పేరు రాయడం ఆ తర్వాత వచ్చింది. అయినా ఇది నా చేత్తోనే రాయాలి. నిన్న పొద్దున కూర్చున్నాను, ఇంతవరకూ రాసేసరికే మధ్యాహ్నమైంది.

ప్రయాణానికి ముందు మిమ్మల్ని విడిగా ఉంచారు కదా, అక్కడికొచ్చే ప్రతి కాగితాన్నీ వేడి పెట్టెలో పెట్టి, క్రిములు చచ్చాక ఇస్తారటగా. ఈ ఉత్తరాన్ని మాత్రం ఎవరూ విప్పి చదవరని తనిఖీ ఆఫీసులో పెద్దావిడ మాటిచ్చింది. ఎందుకు మాటిచ్చిందో చదువుతుంటే నీకే తెలుస్తుంది.

నువ్వడిగినవాటికి వరసగా చెబుతాను.

పాపకి కింది పన్ను ఊడింది. నువ్వొచ్చాక చూపించాలని అగ్గిపెట్టెలో దాచింది. పగలు నిన్ను అడగదు, ఏడవదు. బొమ్మలు వేస్తోంది. మొన్నొకటి నాకు తెచ్చి చూపించింది. నల్లరంగంతా పూసేసి మధ్యలో ఒక గుండ్రటి గది వేసింది. "అమ్మ వెళ్లేసరికి ఇందులో ఎవరుంటారు తాతా?" అంది. ఎవరూ ఉండరమ్మా అన్నాను. "మరి తలుపెందుకు వేశారు?" అంది. పిల్లల ప్రశ్న కదా అని నవ్వి ఊరుకోవాలి. నేను లేచి వెళ్లి మంచినీళ్లు తాగాను.

డాక్టరుకి చూపించుకోమన్నావు, చూపించుకున్నాను. ఎడమ కంటికి పొర వచ్చిందట, తొందరేం లేదట. చెవులు కూడా చూడమన్నాను. గొట్టం పెట్టి, బూరలు తగిలించి, ఈల వినిపించి, అన్నీ చూశాడు. "చెవులకేం పెద్దాయనా, పాతికేళ్ల కుర్రాడివి" అన్నాడు. మెచ్చుకుంటున్నాననే అనుకున్నాడు పాపం. నా చెవులు పాడైపోయాయని ఎవరైనా అంటే బాగుండునని వెళ్లినవాణ్ణి నేను.

ఇక మూడోది, ఆ చప్పుడు.

ఆకాశంలో తిరుగుతున్న గదిలోంచి వచ్చిందని నువ్వు ఫోనుకి పంపినదాన్ని నీ మొగుడు ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక వినిపించాడు. బల్ల మీద ఫోను పెట్టి మేమిద్దరం చెవులొగ్గాం. ముందు ఫ్యాన్ల హోరు. ఆ హోరు నాకు తెలుసు, ఆ ఫ్యాన్లు బిగించింది మా షెడ్డువాళ్లే. తర్వాత రెండు దెబ్బలు. కాస్త ఆగి ఒకటి. మళ్లీ హోరు.

ముందు గదిలో నడుం వాల్చిన మీ అత్తయ్య "ఎవరో వచ్చారు" అంటూ లేచి వెళ్లి వీధి తలుపు తీసింది. బయట ఎవరూ లేరు. లేకపోతే తలుపు వేసి రావాలి గదా. రాలేదు. గడప దగ్గర ఒక పక్కకి జరిగి నిలబడింది, లోపలికొచ్చేవాళ్లకి దారి ఇచ్చినట్టు. కాసేపటికి నా వైపు తిరిగి, "నేనెందుకు జరిగాను?" అంది. నీ మొగుడు నవ్వాడు. నేను కూడా నవ్వాననే అనుకుంటున్నాను.

ఎండలోంచి నీడలోకి వెళ్లినప్పుడల్లా లోహం ముడుచుకుని అలా చప్పుడు చేస్తుందని ఆఫీసువాళ్లు చెప్పారని, మీరు మూసిన గదే కదా మామయ్యా, అది నిజమేనా అని రాశావు. నిజమేనని నీ మొగుడి చేత కబురు పంపాను. అది అబద్ధం అమ్మాయ్. ముడుచుకునే లోహాన్ని నేను యాభై ఏళ్లు విన్నాను. టిక్కుమంటుంది, మూలుగుతుంది, ఒక్కోసారి తుపాకీలా పేలుతుంది. కానీ లెక్కపెట్టదు. రెండు కొట్టి, ఆగి, ఒకటి కొట్టడం లోహానికి రాదు.

ఆ దెబ్బలు ఎక్కడివో నీకు గుర్తొచ్చే ఉంటుంది. గుర్తొచ్చే నన్నడిగావు, నా నోటితో వినాలని. నువ్వు తనిఖీ పని నేర్చుకోవడానికి మా షెడ్డుకి వచ్చిన కొత్తలో ఒక ట్యాంకు మూస్తుంటే నా పక్కన నిలబడ్డావు. అప్పటికి నా కొడుకు మొహం కూడా నువ్వు చూడలేదు. నేను ఆఖరి బోల్టు బిగించే ముందు చెక్కసుత్తితో మూత మీద రెండు, ఒకటి కొట్టి చెవి ఆనించాను. ఎందుకలా కొట్టారని అడిగావు. అలవాటు అని ఊరుకున్నాను. దాన్ని మా షెడ్డులో పలకరింపు అంటాం. లోపల ఎవరైనా ఉండిపోతే జవాబిస్తారని. అది ఎలా వచ్చిందో నీకప్పుడు చెప్పలేదు.

నాకు పంతొమ్మిదేళ్లు. బాయిలర్ల షెడ్డులో చేరి ఆరు నెలలైంది. తుప్పు గీకే మనిషి ఒకడు పెద్ద ట్యాంకులోకి దిగి, చల్లగా ఉందని పని మధ్యలో కునుకు తీశాడు. భోజనం గంట కొట్టారు, అందరూ వెళ్లొచ్చారు, ట్యాంకు ఖాళీ అనుకుని మూత బిగించారు. కారుతుందేమో చూడడానికి నీళ్లు వదిలారు. సగం నిండేసరికి చప్పుడు మొదలైంది. రెండు, ఒకటి. రెండు, ఒకటి. ఏంట్రా అది అని మా మేస్త్రి అడిగాడు. అందరికంటే ముందు మాట్లాడాలని నాకు ఉబలాటం. "పైపులో గాలండీ" అన్నాను. ఆయన తలూపాడు. ట్యాంకు నిండాక చప్పుడు ఆగిపోయింది. చూశారా, గాలే అన్నాను. సాయంత్రం గోడకున్న మేకులకి ఒక భోజనం సంచి మిగిలిపోయింది, అప్పుడు తెలిసింది.

ఎవరూ నన్నేమీ అనలేదు. ఆ మాట అన్నది నేనని మేస్త్రికి తప్ప ఎవరికీ తెలియదు, ఆయన పోయి చాలా ఏళ్లైంది. మర్నాటి నుంచి ఏ ట్యాంకు మూసినా పలకరించాలని ఆయనే నియమం పెట్టాడు. ఆ మనిషి ఎలా కొట్టాడో అలాగే కొట్టాలన్నాడు. ఆయన నా వైపు చూడకుండా ఆ మాట చెప్పాడు. అప్పటి నుంచి నా చేత్తో మూసినవి రెండు వందల పన్నెండు. ప్రతిదాన్నీ పలకరించాను. ఒక్కటీ జవాబివ్వలేదు. ఒక్కటీ మళ్లీ విప్పి చూడాల్సిన అవసరం రాలేదు. మూసే పనిలో నన్ను మించినవాడు లేడని ఊరికే అనలేదు జనం, నేనూ ఊరికే మీసం తిప్పలేదు.

రెండు వందల పదమూడోది మీ గది.

అందరూ నాకిది గొప్ప గౌరవం అన్నారు. నేనూ అనుకున్నాను. తెల్ల షెడ్డులోకి తెల్ల అంగీ, తెల్ల టోపీ, కాళ్లకి తెల్ల సంచులు వేసి పంపారు. అద్దంలో చూసుకుంటే పాల ప్యాకెట్టులా ఉన్నాను. నాతో బక్కోడున్నాడు. నీకు తెలుసుగా, ముప్పై ఏళ్లుగా నాకు జోడీ. లోపలి పని వాడిది, బయటి పని నాది. సన్నగా ఉంటాడు కాబట్టి ఏ కంతలోంచైనా ఆఖరున బయటికొచ్చేది వాడే. ఆ రోజు కూడా లైటు వేసి అన్ని మూలలూ చూసి, "అద్దంలా ఉందన్నా, ఈగ కూడా లేదు" అంటూ బయటికొచ్చాడు. మూత పెట్టాం. పదహారు బోల్టులు. పదిహేను బిగించాను. పదహారోది చేత్తో తిప్పి వదిలి, చెక్కసుత్తితో కొట్టాను. రెండు, ఒకటి. చెవి ఆనించాను.

జవాబొచ్చింది.

నా దెబ్బ ప్రతిధ్వని కాదు. ప్రతిధ్వని వెంటనే వస్తుంది. ఇది ఒక మనిషి ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆగి వచ్చింది. రెండు, ఒకటి. మెత్తగా, తొందర లేకుండా.

తలెత్తాను. బక్కోడు నాకెదురుగా ఉన్నాడు, నా ముందే, బయటే. "విన్నావా?" అన్నాను. "నువ్వు విన్నావా?" అన్నాడు. విన్నానని ముందు నేననాలని వాడు, వాడనాలని నేను. మేడ మీద అద్దాల వెనక ఆరుగురు ఆఫీసర్లు గడియారం చూసుకుంటూ కూర్చున్నారు. చప్పుడొస్తే విప్పి చూడాలన్నది నియమం, నేను నేర్పిందే అందరికీ. విప్పితే మళ్లీ కడగాలి, తుడవాలి, నాలుగు రోజులు పోతాయి. నేను పానా అందుకుని పదహారోది బిగించాను. మూసినవారు అన్న చోట సంతకం పెట్టాను.

పనిముట్లు లెక్కపెట్టే పలక మీద ఒక చెక్కసుత్తి తక్కువ వచ్చింది, బక్కోడిది. వాడు వెళ్లి బయటి షెడ్డు నుంచి ఇంకోటి తెచ్చి ఆ మేకుకి తగిలించాడు. నేను చూశాను, చూడనట్టున్నాను. నిజం చెప్పాలంటే నా గుండె కుదుటపడింది. సుత్తి లోపల ఉండిపోయింది, నేను కొట్టినప్పుడు అది కదిలి చప్పుడైంది, అంతే. తప్పే, కానీ అర్థమయ్యే తప్పు. పైకెళ్లాక బరువు లేక అటూ ఇటూ తేలుతూ గోడలకి తగులుతుంది, మీ ఆఫీసులో ఏదైనా వినబడినా అదే. ఏడు నెలలు నేను ఈ మాట పట్టుకునే వేలాడాను.

నీ ఫోను చప్పుడు విన్నాక ఆ మాట కూడా జారిపోతున్నట్టనిపించింది. సోమవారం రెండు బస్సులు మారి బక్కోడింటికి వెళ్లాను. ఆ గది మూసిన వారంలోనే వాడు పని మానేశాడు, నడుం నొప్పన్నాడు. తర్వాత నేను చూడలేదు.

వాడింటికి తలుపుల్లేవు. వీధి తలుపు దగ్గర్నుంచి స్నానాల గది దాకా అన్నీ బందులతో సహా ఊడదీసి పెరట్లో గోడకి ఆనించి పేర్చాడు. వానకి తడిసి ఉబ్బి ఉన్నాయి. అల్మారాలకి కూడా తలుపుల్లేవు, గుడ్డలన్నీ బయటికి కనబడుతున్నాయి. వాడి భార్య వాకిట్లో కూర్చుని ఉంది. "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి. డబ్బా మూత కూడా పెట్టనివ్వడు" అంది. స్నానానికి చీర అడ్డం కట్టుకుంటోందట. చెబుతూ నవ్వడానికి చూసింది పాపం.

బక్కోడు ఇంకా బక్కగా అయ్యాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. నేను కూర్చోకుండానే అడిగాను, సుత్తి లోపలే వదిలేశావు కదరా, ఒప్పుకో, నేనేమీ అనను అని. ఒప్పుకొమ్మని నేను బతిమాలుతున్నానని నాకే తెలిసింది. వాడు మంచం కింద నుంచి పాతగుడ్డలో చుట్టిన మూట తీసి నా ఒళ్లో పెట్టాడు. విప్పాను. వాడి సుత్తే. పిడికి వాడు కాల్చి వేసుకున్న గుర్తు కూడా ఉంది.

"ఆ రోజే అంగీలో పెట్టుకుని తెచ్చేశానన్నా. అది నా చేతిలో ఉండగా ఆ చప్పుడు విన్నాను. మళ్లీ దాన్ని ఆ షెడ్డులో చూడబుద్ధి కాలేదు."

"అయితే లోపల ఏముందిరా?"

"ఏమీ లేదు. నేను చూసే కదా బయటికొచ్చాను." కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "నువ్వు కొట్టావు, అది జవాబిచ్చింది అనుకుంటున్నావు కదూ? నువ్వు కొట్టడానికి ముందే నేను విన్నాను. నువ్వే కొట్టావనుకుని చూశాను. నీ సుత్తి ఇంకా గాల్లోనే ఉంది. మనం పలకరించలేదన్నా. అదే ముందు పలకరించింది."

వాడి భార్య వాకిట్లోంచి ఇటే చూస్తోంది. నేను సుత్తిని మళ్లీ గుడ్డలో చుట్టి మంచం మీద పెట్టి లేచాను. తలుపుల్లేని ఇంట్లోంచి బయటికి రావడం వింతగా ఉంటుంది అమ్మాయ్, ఎక్కడ బయటికొచ్చామో తెలియదు. బస్సెక్కాక కూడా నేను ఆ ఇంట్లోనే ఉన్నట్టుంది.

ఇంతవరకూ రాసింది అసలు సంగతి కాదు. అసలు సంగతికి వచ్చేసరికి చెయ్యి ఆగుతోంది. పొద్దుటి నుంచి రెండుసార్లు లేచి పెరట్లో తిరిగొచ్చాను.

పానాకి పైపు తొడగడం అంటే నీకు తెలుసు. పిడి పొడుగైతే బలం పెరుగుతుంది, గీత దాటి బిగుస్తుంది, బోల్టు మెడ సాగుతుంది. పైకి ఏమీ కనబడదు. విప్పేటప్పుడు పుటుక్కున తెగుతుంది. నా షెడ్డులో పైపు తొడిగినవాణ్ణి మెడపట్టి గెంటేసేవాణ్ణి. ఒకడి చెంప మీద కొట్టాను కూడా. ఆ రోజు పదహారో బోల్టుకి లెక్క చూపే పానా టిక్కుమన్నాక, బక్కోడు పలక దగ్గరికి వెళ్లినప్పుడు, నేను మామూలు పానాకి పైపు తొడిగి ఇంకో పావు తిప్పు బిగించాను. మేడ మీదివాళ్లకి నా వీపే కనబడింది. కాగితం మీద మామూలు అంకే వేశాను.

తేదీ దాటిపోతుందని విప్పలేదని బక్కోడికి చెప్పాను, నాకూ చెప్పుకున్నాను. పేరు పోతుందని విప్పలేదని ఇంకోసారి చెప్పుకున్నాను. పేరు కోసమే అయితే పైపు ఎందుకు తొడుగుతాను? నాకు భయమేసింది. విప్పితే ఏం కనబడుతుందోనని. లోపలిది బయటికి రాకూడదని, ఎవరూ దాన్ని విప్పలేకపోవాలని బిగించాను. డెబ్బై నాలుగేళ్ల మనిషిని, పిరికివాడన్న మాట ఇంతవరకూ ఎవరి చేతా అనిపించుకోలేదు, ఇప్పుడు నా చేత్తో నేనే రాస్తున్నాను.

అది పైకెళ్లిన రోజు షెడ్డు కప్పు మీదికెక్కి అందరితో పాటు చూశాను. నేల అదిరింది, రేకులు కొట్టుకున్నాయి, నిప్పు లేచి మబ్బులో దూరింది. అందరూ చప్పట్లు కొట్టారు. నన్ను భుజాల మీదికెత్తారు. నేను మాత్రం అది చుక్కై మాయమయ్యేదాకా చూసి, పీడ విరగడైంది అనుకున్నాను. ఈ నేల మీద అది లేదు, ఇక చాలు అనుకున్నాను. దాన్ని తెరిచేది నువ్వని అప్పటికి ఎవరికీ తెలియదు.

నీ పేరు వచ్చిందని చెప్పిన రోజు భోజనాల దగ్గర నేనన్న మాటలు నువ్వు మరిచిపోయి ఉండవు. పిల్లని వదిలేసి ఆకాశంలో నీకేం పని అన్నాను. ఇంటి కోడలివన్న ఇంగితం లేదా అన్నాను. మీ అత్తయ్య నా వైపు అలా ఎప్పుడూ చూడలేదు. నువ్వు మాత్రం నవ్వి, "మీరు మూసింది నేనే కదా తెరుస్తున్నాను మామయ్యా, ఇంట్లో సంగతి ఇంట్లోనే ఉంటుంది" అన్నావు. కంచంలో చెయ్యి కడుక్కుని లేచిపోయాను. కోడలు పైకెదుగుతుంటే ఓర్వలేకపోయానని నువ్వనుకున్నావు, నా కొడుకూ అనుకున్నాడు. అనుకోనిచ్చాను. నిజం చెప్పడం కంటే అదే నాకు తేలికైంది. ఆ రోజే చెప్పి ఉంటే నాలుగు నెలల టైముండేది. ఇప్పుడు పన్నెండు రోజులే ఉంది.

మంగళవారం ఆఫీసుకి వెళ్లాను. తనిఖీ పెద్దావిడ నన్ను కూర్చోమంది, కూర్చోలేదు. నిలబడే చెప్పాను, పైపు సంగతి, అంకె సంగతి, సుత్తి సంగతి. ఆవిడ గబగబా రాసుకుంది. ఎంత ఎక్కువ బిగించారు అంది, పావు తిప్పు అన్నాను. ఎందుకు అంది, భయమేసి అన్నాను. కలం ఆపింది. "మేస్త్రి గారూ, అది రాయడానికి ఈ కాగితంలో గడి లేదు" అంది. వెటకారంగా కాదు, నెమ్మదిగా అంది. తర్వాత లేచి వెళ్లి తలుపు వేసొచ్చింది. "రెండు, తర్వాత ఒకటా?" అంది. నేనింకా దెబ్బల సంగతి ఎత్తనే లేదు.

రాకెట్టు మీదికి ఎక్కించాక, ఇంకా నేల మీదుండగానే, ఆ గదిలో వినే పరికరాన్ని ఒకసారి పరీక్షకి వేశారట. అప్పుడూ ఉందట. పంపు చప్పుడని రాసి పక్కన పెట్టేశారట. ఆ రాసింది తనేనని చెప్పింది.

ప్రయాణం ఆపాలా, మనిషిని మార్చాలా అన్నది వాళ్లు తేలుస్తారట. బోల్టు సంగతి మాత్రం నీకు చెప్పి తీరాలంది. మీరు చెబుతారా, మమ్మల్ని చెప్పమంటారా అంది. నేనే చెబుతానన్నాను. షెడ్డు గోడ మీద నా పేరున్న పలక తీసేస్తారు, తీసేయనీ. నిన్ను తప్పిస్తే, ఇన్నేళ్లు నువ్వు పడ్డ కష్టం నా వల్ల నీళ్లపాలైతే, నన్ను తిట్టుకో. ఎంత తిట్టినా తక్కువే. నా కొడుకు కూడా తిడతాడు, వాడికి ఈ సాయంత్రం చెబుతాను.

తప్పించకపోతే ఇది జాగ్రత్తగా చదువు. సాధన చేయించే నీళ్ల తొట్టిలో నకలు మూత మీద పదహారు బోల్టులూ నలభై నిమిషాల్లో విప్పుతున్నానని సంతోషంగా రాశావు. ఆ నకలు బిగించింది నేను కాదు. పైన పదిహేనూ అలాగే వస్తాయి. పదహారోదానికి మిషను పెట్టకు. చేత్తో విప్పే పొడుగు పానా అడిగి తీసుకెళ్లు. ముందు కొంచెం బిగించే వైపే ఒత్తు, పట్టు వదులుతుంది, అప్పుడు వెనక్కి తిప్పు. ఒక్కసారిగా లాగకు. తెగితే తల ఎగిరి వస్తుంది, మొహమూ చెయ్యీ దానికి ఎదురుగా పెట్టకు, తెగిన అంచు తొడుగుకి తగలనివ్వకు. అక్కడ తొడుగు చిరిగితే ఏమవుతుందో నాకంటే నీకే బాగా తెలుసు.

విప్పే ముందు పలకరించు. హెల్మెట్టు మూతకి ఆనించు, గాలి లేకపోయినా ఇనుములోంచి చప్పుడొస్తుందని ఆవిడ చెప్పింది. ఆ రోజు నన్ను కూడా వినే గదిలో కూర్చోబెడతారట.

జవాబొస్తే ఏం చెయ్యాలో నేను చెప్పలేను అమ్మాయ్. ఇదొక్కటే ఎంత ఆలోచించినా తేలలేదు. ఒకసారి తెరవక ఒక మనిషి ప్రాణం తీశాను. రెండోసారి తెరవక ఏం చేశానో తెలియదు. లోపల పాపం ఎవరో ఉండి తెరవమని అడుగుతున్నారో, ఇంకేదో తెరిచేవాళ్ల కోసం కాచుకుని ఉందో, నేను విన్నదాంట్లో తేడా తెలియలేదు. తెరువు అనడానికి నాకు నోరు రాదు. తెరవద్దు అనడానికి నాకు హక్కు లేదు. నువ్వు అక్కడుంటావు, నీ చెయ్యి దాని మీద ఉంటుంది, నీకు ఏది తోస్తే అది చెయ్యి.

కానీ నీకు భయమేస్తే ఆ భయం ఎవరికీ కనబడకూడదని మాత్రం పని చెయ్యకు. నేను చేసింది అదే. అంత దూరం వెళ్లి, అందరూ చూస్తుండగా, తెరవకుండా వెనక్కి రావడం నీలాంటి దానికి ఎంత కష్టమో నాకు తెలుసు, నీ పొగరు నాకు తెలియనిదా, నా పొగరు లాంటిదే. అయినా వచ్చెయ్. ఎందుకొచ్చేశావని ఎవరైనా అడిగితే మా మామయ్య భయపడ్డాడని చెప్పు. ఆ మాట నేను ఆఫీసులో చెప్పేశాను, ఎవరడిగినా మళ్లీ చెబుతాను. అందులో అబద్ధం కూడా లేదు.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తుండే
మామయ్య